చూచుట నేర్పెడి చిత్రములు

పక్షవాతము వచ్చి కుడి మెదడు దెబ్బతిన్న వృద్ధుడొకడు, అమెరికా దేశమందలి ఒక పునరావాస వైద్యశాలలో, బల్ల యెదుట చక్రాల కుర్చీలో కూర్చుండి పేకాడుచున్నాడనుకొనుడు. ఎదుట కూర్చున్న యువతి ముక్కలు పంచుచు, ప్రతి పర్యాయమును ముక్కను మరికొంచెము ఆయన ఎడమవైపునకు జరిపి పెట్టుచున్నది. ఆయన దానికొరకు వెదకుకొనునంతసేపు మాటాడక, సూచన చేయక, తొందరపడక నిరీక్షించుచున్నది. తలుపు దగ్గర నిలిచి చూచువానికి ఇది కాలక్షేపము. ఆ యువతికి ఇది వైద్యము. కుడి మెదడునకు దెబ్బ తగిలినవారిలో అనేకులకు, కన్ను చక్కగా కనబడుచున్నను, ఎడమ ప్రక్కనున్న లోకము మనస్సునకెక్కదు. పళ్లెములో ఎడమ సగముననున్న అన్నమును అట్లే వదలివేయుదురు. ఎడమ చెంపకు క్షౌరము చేసికొనుట మరచిపోవుదురు. ఆ మరచిన సగమును, మందలింపుతో గాక, ఆటపై గల ప్రీతితో వెదకించుటయే ఆ ముక్కల పంపకములోని రహస్యము.

ఈ విద్యకు అక్కడ రిక్రియేషనల్ థెరపీ యని పేరు. మనము వినోద చికిత్స యనవచ్చును. రోగగ్రస్తులకును, అంగవైకల్యము గలవారికిని, మనోవ్యాధిపీడితులకును, వార్ధక్యమున మతిమరుపు వ్యాధి పాలైనవారికిని, ఆట, పాట, చిత్రలేఖనము, తోటపని, ఈత, నాటకము, పెంపుడు జంతువుల సాంగత్యము మున్నగువానిని ఒక నిర్ణీత ప్రయోజనముతో, కొలిచి చూడదగిన ఫలితమును ముందుగా నిశ్చయించుకొని, ప్రయోగించుట దీని స్వరూపము. వినోదము కల్పించువాడు వేరు, వినోదముచేత చికిత్స చేయువాడు వేరు. మొదటివాడు అందరును నవ్విరా యని చూచును. రెండవవాడు ఈ మనుష్యుడు నిన్న చేయలేనిదేది నేడు చేయగలిగెను, అందుకు నేనెంత సాయము చేయవలసివచ్చెను అని చూచును. ఈ తారతమ్యమును మాటలలో చెప్పుట తేలిక, కంటితో పట్టుకొనుట కష్టము. కంటితో పట్టుకొనలేని విద్యార్థి చేతితో చేయలేడు. అందువలననే ఈ శాస్త్రమును అభ్యసించువారికి పాఠ్యగ్రంథములతోపాటు వీడియో పాఠములు అవసరమైనవి. ఆ వీడియోలు ఎట్టివిగా నుండవలెనో విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

వృత్తి నవీనమే యైనను దీని వెనుకనున్న భావము నవీనము కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో ప్రకటించిన నర్సువృత్తి గ్రంథములోనే, దీర్ఘకాలము మంచము పట్టినవారికి అవే గోడలను, అదే పైకప్పును నిత్యము చూచుచుండుట ఎంతటి యాతనయో, పూవుల రంగులును, చిన్న పెంపుడు ప్రాణి సహవాసమును వారికెట్టి మేలు చేయునో విశదముగా వ్రాసెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో, షికాగో నగరమున జేన్ ఆడమ్స్ నెలకొల్పిన హల్ హౌస్ అను సేవాసదనములో నీవా బాయిడ్ అను విదుషి, ఆటలద్వారా మనుష్యులను ఒక సమూహముగా కూర్చు విధానమును బోధించుటకు ప్రత్యేకముగా ఒక పాఠశాల నడపెను. రెండు ప్రపంచ యుద్ధములలోను అమెరికను రెడ్‌క్రాస్ సంస్థ సైనిక వైద్యశాలలలో గాయపడినవారికి వినోద కార్యక్రమముల నేర్పరచెను. కాన్సస్ రాష్ట్రమందలి టొపీకాలో మెనింజర్ సోదరులు మనోవ్యాధి చికిత్సలో ఆటపాటలకు గౌరవస్థానము కల్పించిరి.

ఇంగ్లండులో జరిగిన సంగతి మరింత చిత్రము. నాజీ జర్మనీనుండి 1939లో తప్పించుకొని వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు, స్టోక్ మాండెవిల్ వైద్యశాలలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుపడిన సైనికులకు చికిత్స చేయుచు, 1948 జూలై 29వ తేదీన, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన ఆ దినముననే, 16 మందిచేత చక్రాల కుర్చీలనుండి విలువిద్య పోటీ జరిపించెను. నేటి పారాలింపిక్ క్రీడలకు అది బీజము. ధనుస్సు నెక్కుపెట్టుట భుజములను, మొండెమును బలపరచి, కుర్చీలో నిటారుగా కూర్చుండు శక్తినిచ్చును. అదే సమయమున, తాను రోగిననుట మరపించి, పోటీదారునను ధైర్యము నిచ్చును. ఈ రెండు ఫలములును ఒకే బాణముతో సాధించిన గుట్‌మన్ తన్ను వినోద చికిత్సకుడని చెప్పుకొనకపోయినను, ఈ విద్యార్థులు ఆయనను తమవానిగానే తలచుట న్యాయము.

అమెరికాలో ఈ వృత్తివారికి ధ్రువపత్రము నిచ్చు జాతీయ మండలి 1981లో ఏర్పడినది. పట్టభద్రుడై, ధ్రువపత్రము పొందిన చికిత్సకుని పర్యవేక్షణలో కనీసము 14 వారములు, 560 గంటలు పనిచేసి, పరీక్షలో నెగ్గినవానికి ఆ మండలి సీటీఆర్ఎస్ అను బిరుదమునిచ్చును. యూటా, ఉత్తర కెరొలైనా వంటి కొన్ని రాష్ట్రములలో ఆపై ప్రభుత్వపు లైసెన్సు కూడ కావలెను. విద్యార్థి నేర్వవలసిన క్రమము నాలుగు మెట్లది: మనిషిని అంచనా కట్టుట, ప్రణాళిక వేయుట, ఆచరించుట, ఫలితమును మూల్యాంకనము చేయుట. ఈ నాలుగింటినడుమ వ్రాతపని యెడతెగక సాగుచుండును. 1978లో స్కౌట్ గన్, కారొల్ పీటర్సన్ అను ఆచార్యులు తమ గ్రంథములో ప్రతిపాదించిన నమూనా యొకటి ఈ విద్యలో ప్రసిద్ధము. దానిననుసరించి చికిత్స మొదట చికిత్సకుని వశమున నుండును. నడుమ మెట్టున అతడు గురువై, తీరిక కాలమును స్వయముగా వినియోగించుకొను నేర్పును బోధించును. తుది మెట్టున రోగి తన యిచ్చవచ్చినట్లు ఆడుకొనును, చికిత్సకుడు ప్రక్కకు తొలగును. రోగి స్వేచ్ఛ పెరుగుకొలది చికిత్సకుని అధికారము తరుగవలెను. ఇంతటి సూక్ష్మమును పుటలో గీసిన మూడు గడుల పటము ఎంతమాత్రము చూపగలదు? చికిత్సకుడు ఏ క్షణమున చేయి వెనుకకు తీసికొనెనో, ఆ క్షణమును చూచిననే గాని తెలియదు.

తరగతి గదిలో విద్యార్థులు ఒకరికొకరు రోగులుగా నటించి అభ్యాసము చేయుట వాడుక. ఆ అభ్యాసమును నేను తేలికపరుపను. అయినను ఆరోగ్యవంతుడైన మిత్రుడు ఎంత నటించినను, మతిమరుపు వ్యాధి పాలైన ముసలమ్మ ఒకే ప్రశ్నను తడవకొకసారి అడుగునప్పటి ఆ కంఠస్వరమును అతడు తేలేడు. అట్టి శిక్షణతో మొదటిసారి వార్డులో అడుగిడిన విద్యార్థికి కాళ్లు చేతులు ఆడవు. తరగతికిని వార్డుకును నడుమనున్న ఈ అగాధముపై వంతెన వేయుటకు విద్యావేత్తలు చాలకాలముగా ప్రయత్నించుచున్నారు. 1963లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హొవర్డ్ బారోస్ అను నాడీవైద్యుడు, రోగిగా నటించుటకు ఒకరికి ప్రత్యేక శిక్షణనిచ్చి వైద్యవిద్యార్థుల యెదుట నిలిపెను. అదే సంవత్సరము స్టాన్‌ఫర్డ్‌లో ఉపాధ్యాయ శిక్షణకొరకు సూక్ష్మబోధన పద్ధతి బయలుదేరినది. శిక్షణార్థి కొద్ది నిమిషముల పాఠము చెప్పి, దానిని చిత్రముగా తిరిగి చూచుకొని, దిద్దుకొని, మరల చెప్పవలెను. స్టాన్‌ఫర్డ్‌లోనే ఆల్బర్ట్ బాండూరా అను మనస్తత్వవేత్త, పసిపిల్లలు పెద్దలు చేయు పనిని ఎదుట చూచినను, చలనచిత్రములో చూచినను ఒకే తీరున అనుకరింతురని తన ప్రయోగములలో చూపెను. మనిషి చూచి నేర్చును. తెరపై చూచియు నేర్చును.

తెరకు జీవితమునకు లేని సౌలభ్యమొకటి కలదు. వార్డులో జరిగిన క్షణము జరిగిపోవును. వీడియోలో దానిని ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, శబ్దమును మూసివైచి చేతులను మాత్రమే చూడవచ్చును, చిత్రమును మూసివైచి మాటలను మాత్రమే వినవచ్చును. సంగీతము నేర్చువాడు ఒకే సంగతిని గురుముఖమున పదేపదే విని పట్టుకొనునట్లు, ఇచ్చట విద్యార్థి ఒకే నిరీక్షణను, ఒకే తడబాటును పదేపదే చూచి పట్టుకొనగలడు. కాని ఏమి చూపుచున్నాము? ఈ ప్రశ్నకు ఉత్తరముగా ఒక పాత చిత్రమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. ఏలయన వినోద చికిత్స విద్యార్థులకు మొట్టమొదట చూపదగినది ఏది యని నన్నెవరైన అడిగినచో, వినోదమను పేరైనను లేని ఆ చిత్రమునే నేను పేర్కొందును.

దాని పేరు 'ఎ టూ ఇయర్ ఓల్డ్ గోస్ టు హాస్పిటల్'. లండనులోని టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీ అను మనోవైద్యునితో కలిసి పనిచేయుచుండిన జేమ్స్ రాబర్ట్‌సన్ అను స్కాట్లండు దేశీయుడైన సంఘసేవకుడు దానిని 1952లో తీసెను. ఆ కాలమున ఇంగ్లండు వైద్యశాలలలో పిల్లలను చేర్చిన పిమ్మట తల్లిదండ్రులు వచ్చి చూచుటకు మిక్కిలి కఠినమైన నిబంధనలుండెడివి. తల్లి వచ్చినచో బిడ్డ ఏడ్చును, రాకున్నచో కుదురుకొనును అని వైద్యులును నర్సులును నమ్మెడివారు. ఆ కుదురు శాంతి కాదు, నిరాశ యని రాబర్ట్‌సన్ ఎంత చెప్పినను విన్నవారు లేకపోయిరి. మాటతో కానిది చిత్రముతో నగునేమో యని, సినిమా తీయుటలో అనుభవము లేని ఆయన చిన్న కెమెరా యొకటి సంపాదించి, చిన్న శస్త్రచికిత్స నిమిత్తము ఎనిమిది దినములు వైద్యశాలలో నుండవలసిన రెండు సంవత్సరముల అయిదు నెలల బాలిక నొకతెను, ప్రతిదినమును నిర్ణీత సమయములందే, గోడ గడియారము కూడ చిత్రములో కనబడునట్లుగా పట్టెను. ఏడ్చిన ఘట్టములను మాత్రమే ఏరి తెచ్చితివని ఎవ్వరును అనరాదనియే ఆ గడియారము.

ఆ బాలిక పెద్దగా ఏడువదు. అదియే ఆ చిత్రములోని బలము. మాటలు చక్కగా వచ్చిన ఆ చిన్నది, ముఖమును బిగబట్టుకొని, అమ్మ యెక్కడ అని నడుమ నడుమ అడుగుచు, తన ఎలుగుబంటి బొమ్మను, ఇంటినుండి తెచ్చుకొన్న కంబళి ముక్కను వదలక పట్టుకొని యుండును. తల్లి వచ్చినప్పుడు సంతోషముతో మీదికి ఉరుకదు, ముఖము త్రిప్పుకొనును. పైపైన చూచిన నర్సునకు ఆ పిల్ల బుద్ధిమంతురాలు. నిలిపి చూచినవారికి ఆ పిడికిలి బిగువును, ఆ పెదవి వణకును కనబడును. 1952 నవంబరులో లండనులోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో చూపినప్పుడు వైద్యలోకము ఈ చిత్రముపై ఆగ్రహించినది. వైద్యశాలలకు అపకీర్తి తెచ్చునని అన్నవారును కలరు. కాని చూచిన కన్నులు పూర్వమువలె ఉండలేవు. వార్డులకు మరలిపోయినవారికి కుదురుగానున్న పిల్లలయందు ఆ బాలికయే కనబడనారంభించినది. వైద్యశాలలలోని పిల్లల సంక్షేమమును విచారించిన ప్లాట్ కమిటీ 1959లో వెలువరించిన నివేదిక, తల్లిదండ్రులు తమ పిల్లలను నిరాటంకముగా చూడవచ్చుననియు, వైద్యశాలలో పిల్లల ఆటకును చదువునకును తగిన ఏర్పాట్లుండవలెననియు సిఫారసు చేసినది. ఆ మార్పునకు త్రోవ తీసిన వానిలో ఈ నలుపుతెలుపు చిత్రమొకటి.

ఈ చిత్రములో చికిత్సకుడు లేడు, విజయము లేదు, ఉద్రేకము రేపు సంగీతము లేదు. ఉన్నదెల్ల ఓర్పుతో నిలిచిన కన్ను. బొమ్మను పట్టుకొనుట, కంబళిని ముఖమునకు తెచ్చుకొనుట, ఆటను నడుమ ఆపివేయుట, ఇవన్నియు భాషయే యని విద్యార్థికి బోధించుటకు ఇంతకంటె మంచి పాఠము నేనెరుగను. వినోద చికిత్సకు మొదటి మెట్టైన అంచనా కట్టుట యనగా ఇదియే.

దీనికి ప్రతిగా మన కాలపు చిత్రమొకటి చూతము. డాన్ కోహెన్ అను సంఘసేవకుడు అమెరికాలోని వృద్ధాశ్రమములలో, మతిమరుపు వ్యాధిగ్రస్తులకు వారి యౌవనమున ప్రియమైన పాటలను చెవిగొట్టముల ద్వారా వినిపించు ఉద్యమమును నడపెను. దానిని గూర్చి మైకేల్ రొసాటో బెనెట్ తీసిన 'అలైవ్ ఇన్‌సైడ్' చిత్రము 2014లో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవమున ప్రేక్షకుల బహుమానమును పొందినది. అంతకు పూర్వమే 2012లో అందలి చిన్న ఖండమొకటి ప్రపంచమంతట వ్యాపించినది. తల వాల్చుకొని, ఎవరు పిలిచినను పలుకక కూర్చుండు హెన్రీ అను వృద్ధునికి చెవులకు పాట తగిలించగానే, ఆయన కన్నులు విచ్చుకొని, దేహమూగుచు పాడనారంభించును. పాట ఆపిన పిమ్మట కూడ తన ప్రియ గాయకుడు క్యాబ్ కాలొవేను గూర్చి ముచ్చటించును. చూచినవాని కంట నీరు తిరుగును. నాకును తిరిగినది.

కాని విద్యార్థికి ఈ ఖండమును ఒంటిగా చూపుట క్షేమము కాదు. ఆ పాట ఆయనకు ప్రియమైనదని ఎవరు, ఎట్లు కనుగొనిరి? కుటుంబమువారిని ఏమేమి అడిగిరి? శబ్దము ఎంత యుంచిరి, ఎంతసేపు వినిపించిరి? ఏ పాటకు ఆయన చెవిగొట్టమును లాగి పారవేసెను? మరునాడు ఏమైనది? ఏ పాటయు కదలింపని వృద్ధులు ప్రక్క గదిలో నెందరుండిరి? చికిత్సకుని జీవితము ఈ ప్రశ్నలలోనే గడచును. అద్భుతమును మాత్రమే చూచి పెరిగిన విద్యార్థి వార్డులో మొదటి వారమున అద్భుతము జరుగకున్నచో, లోపము రోగిదనియో తనదనియో తలచి క్రుంగిపోవును. అందుచేత పాఠ్య వీడియోలు తీయువారు విఫలమైన ఘట్టములను కత్తిరించి పారవేయరాదు. మూడు మారులు నిరాకరించి నాలుగవమారు బంతిని తాకిన చేయి విద్యార్థికి కావలెను; ఆ మూడు నిరాకరణములు లేక నాలుగవ స్పర్శకు అర్థము లేదు. రోగి వద్దని చెప్పగా, సరేనని చికిత్సకుడు లేచిపోయిన ఘట్టము కూడ పాఠమే. స్వేచ్ఛ లేని వినోదము వినోదము కానేరదు గదా.

అంగవైకల్యము గలవారే స్వయముగా మాటాడు చిత్రములు మరొక తెగ. 2005లో వచ్చిన 'మర్డర్‌బాల్' చక్రాల కుర్చీ రగ్బీ క్రీడాకారుల కథ. కెనడాలోని విన్నిపెగ్‌లో 1970ల నాడు పుట్టిన ఆ ఆటలో లోహపు కుర్చీలు ఢీకొను చప్పుడు విన్నవారికి అంగవైకల్యము గలవారు సుకుమారులను భ్రమ తొలగిపోవును. 2020లో నికోల్ న్యూన్‌హామ్, జేమ్స్ లెబ్రెక్ట్ తీసిన 'క్రిప్ క్యాంప్' నాకు మరింత విలువైనదిగా తోచును. న్యూయార్క్ రాష్ట్రపు కాట్‌స్కిల్ కొండలలో క్యాంప్ జెనెడ్ అను వేసవి విడిది యుండెను. ఇంటిలోను, బడిలోను అడుగడుగున వద్దను మాటయే విన్న యువతీయువకులు అచ్చట బేస్‌బాల్ ఆడిరి, పాడిరి, ప్రేమించిరి, వంటలో ఏమి వండవలెనో సభ చేసి తర్కించుకొనిరి. అచ్చట పనిచేసిన జూడీ హ్యూమన్, 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయమున వికలాంగుల హక్కులకొరకు వారముల తరబడి సాగిన సత్యాగ్రహమునకు నాయకురాలైనది. ఆ ఉద్యమపరంపర 1990లో అమెరికా వికలాంగుల చట్టమునకు దారితీసినది. ఒక ఆటవిడిదినుండి ఒక చట్టము వరకు సాగిన ఈ మార్గమును చూచిన విద్యార్థి, తన వృత్తి ప్రొద్దుపుచ్చు పని యని ఎవరైన అన్నచో తలవంచుకొనడు.

ఇక మిక్కిలి జాగరూకతతో మాటాడవలసిన విషయము అనుమతి. ఫ్రెడరిక్ వైజ్‌మన్ 1967లో మసాచుసెట్స్ రాష్ట్రపు బ్రిడ్జ్‌వాటర్‌లో, నేరస్థులైన మనోరోగులుండు ఆసుపత్రిలో 'టిటికట్ ఫాలీస్' అను చిత్రమును తీసెను. ఖైదీలును సిబ్బందియు కలిసి ప్రదర్శించు వార్షిక వినోద ప్రదర్శనము పేరే దానికి పెట్టెను. చిత్రము ఆ ఆటపాటలతోనే ఆరంభమగును. రంగముపై దీపములు, పాటలు. గదులలో వస్త్రహీనులై, అవమానితులై యున్న మనుష్యులు. గౌరవము లేనిచోట వినోద కార్యక్రమమెంత నిరర్థకమో దీనికంటె తీక్ష్ణముగా చెప్పిన చిత్రము లేదు. కాని ఆ రోగుల గోప్యత మాట యేమి? తమ్ము నగ్నముగా లోకమునకు చూపుటకు వారు నిజముగా సమ్మతించిరా, సమ్మతించు స్థితిలో నుండిరా? మసాచుసెట్స్ న్యాయస్థానము ఈ ప్రశ్నపైననే చిత్రమును నిరోధించి, 1969లో వైద్యులు, న్యాయవాదులు, సంఘసేవకులు మున్నగు వృత్తులవారికిని, ఆ విద్యల నభ్యసించువారికిని మాత్రమే చూప ననుమతించెను. సామాన్య ప్రదర్శనమునకు అనుమతి 1991లో గాని రాలేదు. రెండు పక్షములందును న్యాయమున్నది. ఘోరమును దాచుటకు గోప్యతను అడ్డుపెట్టుట ఎంత దోషమో, నిస్సహాయుని ముఖమును అతని ఎరుక లేక పాఠముగా మార్చుటయు అంత దోషము.

అమెరికాలో 1996 నాటి హిపా చట్టము క్రింద ఏర్పడిన నియమములు పూర్తి ముఖము కనబడు ఛాయాచిత్రమును కూడ రోగిని గుర్తుపట్టు సమాచారముగా లెక్కించును. మన దేశమున 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 24వ సెక్షను, చికిత్స పొందుచున్న వ్యక్తి ఛాయాచిత్రమునైనను, ఇతర సమాచారమునైనను అతని సమ్మతి లేక ప్రచార సాధనముల కీయరాదని శాసించినది. ఒకనాడు సమ్మతించినవాడు మరునాడు వద్దన్నచో ఆ వద్దనుటను మన్నించవలెను. మతిమరుపు వ్యాధి గలవారి విషయమున కుటుంబము సంతకము చేసినను, కెమెరా చూచి ముఖము త్రిప్పుకొన్న మనిషి మాటయే చెల్లవలెను. ఈ చిక్కులవలననే అనేక పాఠ్య వీడియోలలో శిక్షితులైన నటులు రోగులుగా నటింతురు. అది తక్కువ కాదు. తడబాటును, మౌనమును తెలిసి నటింపగల నటుని ఘట్టము, తొందరలో తీసిన నిజమైన రోగి ఘట్టముకంటె మేలుగా బోధింపవచ్చును. నటనమని తెరపై స్పష్టముగా వ్రాసిన చాలును.

నిడివి మాటకు వచ్చినచో ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎడెక్స్ సంస్థ ఇంటర్నెట్ పాఠ్యక్రమములలో 69 లక్షల పర్యాయములు వీడియోలు చూడబడిన తీరును పరిశీలించి 2014లో ప్రకటించిన అధ్యయనము, ఆరు నిమిషములకు లోపలి వీడియోలనే విద్యార్థులు శ్రద్ధగా చూచుచున్నారని తేల్చినది. ఉపన్యాసమునకు ఈ నియమము సరిపోవును; కాని చికిత్సా ఘట్టమునకు దీనిని గ్రుడ్డిగా అన్వయింపరాదు. చెక్కబొమ్మకు రంగు వేయుటకు ఒక మనిషికి ఇరువది నిమిషములు పట్టినచో, విద్యార్థి ఆ ఇరువది నిమిషములును ఒక్కమారైనను పూర్తిగా చూడవలెను. చెవిటివారికొరకు మాటలు అక్షరములలోను, చూపు లేనివారికొరకు దృశ్యవర్ణన కంఠములోను ఉండుట ఈ విద్యకు అలంకారము కాదు, ధర్మము. ఆ లోపములు గల విద్యార్థులును ఈ వృత్తికి వచ్చుచున్నారు, రావలెను.

వీడియో తరువాత వచ్చు అభ్యాసము వీడియోకంటె ముఖ్యము. రోగి సంతోషించెను అని వ్రాసిన విద్యార్థిని ఉపాధ్యాయుడు నిలిపి, నీవు చూచినదేమి యని అడుగవలెను. రెండుసార్లు నవ్వెను, ప్రక్కవానికి బంతినందించెను, గడియారమువైపు చూడలేదు, ఇది చూచినది. సంతోషమనునది ఊహ. ఊహ తప్పని కాదు. కాని చూచినదానిపై నిలువని ఊహకు వైద్యశాల రికార్డులో స్థానము లేదు. పిమ్మట విద్యార్థి తాను నడపిన ఆటను తానే చిత్రించుకొని చూచుకొనవలెను. తానెంత తొందరగా మాటాడితినో, ఎదుటివాడు చేయి చాపకమునుపే బొమ్మ నెట్లు అందించివేసితినో అప్పుడు తెలియును. సాయము చేయవలెనను కోరికయే సాయమునకు అడ్డువచ్చుట ఈ వృత్తిలో నిత్యము జరుగు సంగతి.

మన దేశమున ఈ వృత్తి అమెరికాలోవలె ప్రత్యేక ధ్రువపత్రముతో ఇంకను స్థిరపడలేదు. ఆక్యుపేషనల్ థెరపీవారును, ఫిజియోథెరపీవారును, మనోవైద్య సాంఘిక సేవకులును, ప్రత్యేక విద్యోపాధ్యాయులును ఈ భారమును పంచుకొని మోయుచున్నారు. హక్కు మాత్రము చట్టములో నున్నది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 30వ అధికరణము వినోదమును, క్రీడను, సాంస్కృతిక జీవనమును అంగవైకల్యము గలవారి హక్కుగా గుర్తించినది. భారతదేశము దానిని 2007లో ఆమోదించినది. 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టము 29వ సెక్షనులో సంస్కృతికిని వినోదమునకును ఏర్పాట్లు చేయవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. సికింద్రాబాదులో 1984లో స్థాపితమై, నేడు బుద్ధిమాంద్యము గలవారి సాధికారతకొరకు పనిచేయుచున్న జాతీయ సంస్థయే తెలుగునాట నున్నది. ఇట్టి చోట శిక్షణ పొందు మన పిల్లలకు, బౌలింగు బంతులతోను, బింగో పలకలతోను తీసిన అమెరికా వీడియోలు పద్ధతిని నేర్పగలవు గాని, ఎదుట కూర్చున్న మన ముసలమ్మ చేతికి ఏమీయవలెనో చెప్పలేవు.

వామనగుంటల పీట నీయవచ్చును. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు, పదునాలుగు గుంటలు, చింతపిక్కలు, ఎదురుబొదురుగా ఇద్దరు. పిక్కలను పిడికిట తీసికొనుటలో వ్రేళ్ల పట్టు, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి విడుచుటలో బొటనవ్రేలి అదుపు, చేయి ఈ కొననుండి ఆ కొనకు సాగుటలో భుజము కదలిక, ముందుచూపుతో లెక్కించుటలో బుద్ధి, ఎదుటివారి వంతునకు వేచియుండుటలో ఓర్పు. ఇన్ని పనులు ఇమిడిన ఈ ఆటను వినోద చికిత్స శాస్త్రము కోరునట్లు అంగాంగముగా విశ్లేషించి చూపు పది నిమిషముల తెలుగు వీడియో ఎంత ఉపకరించును! చేయి వణకువారికి చింతపిక్కకు బదులు పెద్ద గవ్వ. చూపు మందగించినవారికి గుంటలకు తెల్ల రంగు. లెక్క తప్పువారికి ఏడు గుంటలకు బదులు మూడు. ముగ్గు పెట్టుటకును, పూలు కట్టుటకును, అష్టాచెమ్మకును, కోలాటమునకును, భజనకును ఇట్టి పాఠములు వేరువేరుగా తీయవచ్చును; ఒక్కొక్కదానిలోను సులభము చేయు మార్గమును, కఠినము చేయు మార్గమును రెండును చూపవలెను.

కెమెరాను ఆడువారి ముఖములకు గాక, పీటకు కొంచెము పైగా, నాలుగు చేతులును కనబడు ఎత్తున నిలుపవలెను. వ్యాఖ్యానము ఆట నడుచునప్పుడు చెప్పక, ఆట ముగిసిన పిమ్మట రెండవమారు చూపునప్పుడు చెప్పవలెను. మొదటిమారు విద్యార్థి తానే చూచుకొనును. ఆ ముసలమ్మ చిన్ననాట ఈ ఆట ఆడి యుండినచో, నియమములను ఆమెయే చెప్పునట్లు చేయవలెను. ఊరూరికిని నియమములు కొంత మారును గనుక, ఆమె చెప్పినది శిక్షకుడెరిగినదానికి భిన్నముగా నున్నచో, ఆ పూట ఆమె నియమముతోనే ఆడవలెను.